ప్రకృతి మీద యూదు, క్రైస్తవ ఆలోచనల చరిత్ర: ఏం చదవాలో చెప్పండి

అందరికీ నమస్కారం. మా చర్చిలో యువకుల బృందానికి పర్యావరణం మీద మాట్లాడాలి, దానికి మీ సాయం కావాలి. 1967లో లిన్ వైట్ అనే చరిత్రకారుడు 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. భూమిని లోబరచుకోండి అన్న ఆదికాండము మొదటి అధ్యాయాన్ని పాశ్చాత్య క్రైస్తవం అర్థం చేసుకున్న తీరే ఈనాటి పర్యావరణ సంక్షోభానికి ఒక మూలం అని ఆయన వాదన. నాకిది సగం చిత్రమే అనిపిస్తోంది.

ఎందుకంటే రెండో అధ్యాయంలోనే తోటను సేద్యం చేసి కాపాడమని ఉంది. ముట్టడి వేసినప్పుడు కూడా పండ్ల చెట్లు నరకొద్దని ద్వితీయోపదేశకాండము 20లో ఉంది, దాన్ని యూదు పండితులు చాలా దూరం తీసుకెళ్లారు, 12వ శతాబ్దంలో మైమోనిడీస్ అయితే ఊటను పూడ్చినా, తిండి పాడుచేసినా ఆ ఆజ్ఞ మీరినట్టే అన్నారు. సృష్టి అంతా మనిషి కోసమే అనుకోకూడదని కూడా ఆయనే రాశారు! ఇంకోవైపు 8వ శతాబ్దంలో బోనిఫేస్ అనే క్రైస్తవ మత ప్రచారకుడు జర్మనీలో అక్కడివాళ్లు పూజించే ఓక్ చెట్టును నరికిన కథ ఉంది, దాన్నీ దాచను.

అసలు అడగాలనుకున్నది ఇదీ: ప్రకృతిని ప్రేమించిన 13వ శతాబ్దపు సాధువు ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీకీ, పర్యావరణం మీద పోప్ ఫ్రాన్సిస్ రాసిన 2015 లేఖకీ మధ్య కాలంలో, ముఖ్యంగా ప్రొటెస్టెంట్లలో, ప్రకృతిని కాపాడాలన్న ఈ ఆలోచన ఎలా నడిచింది? ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వాలన్న నియమాన్ని ఇజ్రాయెల్ రైతులు ఇప్పుడు ఎలా పాటిస్తున్నారు? తెలుగులో ఏమైనా ఉంటే మరీ మంచిది, ఇంగ్లిష్‌వి అయినా పర్వాలేదు, దయచేసి చెప్పండి.