జీపు వెనక క్రౌన్ పినియన్ మనమే మార్చుకోవచ్చా?

కావలి జీపు:
అన్నా, మా పాత జీపు వెనక హౌసింగ్‌లోంచి (వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా) స్పీడు 50 దాటగానే గుయ్యిమని మోత వస్తా ఉంది, యాక్సిలేటర్ వదిలితే తగ్గతా ఉంది. మెకానిక్ క్రౌన్ పినియన్ (వెనక చక్రాల్ని తిప్పే పెద్ద, చిన్న పళ్ళ చక్రాల జత) పోయిందంటుండాడు. క్లచ్ ప్లేట్ నేనే ఏసుకున్నా, ఇది కూడా ఇంటికాడ చేసేయొచ్చా?

గూడూరు మామ:
ఊడదీయడం ఏముందబ్బాయ్, బిగించేటప్పుడే ఉంది తంటా. పినియన్ ఎంత లోతులో కూర్చోవాలో షిమ్‌లతో (పల్చటి రేకు వాషర్లు) చూసుకోవాల, బేరింగ్ టైటు చూడాల, ఆపైన డయల్ గేజ్ పెట్టి పళ్ళ మధ్య సందు కొలవాల, అయినాక పళ్ళకి రంగు పూసి తిప్పి ఎక్కడ ఆనతా ఉందో చూడాల, కొసకి ఆనిందా మళ్ళీ మొత్తం విప్పుడే. గేజ్ లేకుంటే చెయ్యి పెట్టమాక.

ఒంగోలు డ్రైవర్:
క్రౌన్, పినియన్ రెండూ జతగానే మార్చాల, ఒక్కటే కొంటే నిలవదు. అయినా ముందు ఆయిల్ దించి చూడు బ్రో, బేరింగ్ పోయినా ఇట్టాగే అరుస్తది. ఇనప ముక్కలొస్తే పళ్ళు పోయుండొచ్చు.

కావలి జీపు:
గేజ్ లేదు మామా. హౌసింగ్ నేనే దించి నెల్లూరులో సెట్టింగ్ చేయించుకొస్తా. ఆయిల్ ఏది?

గూడూరు మామ:
మాన్యువల్ చూడు, ఎక్కువగా 80డబ్ల్యూ-90 జీఎల్-5 అనే గేర్ ఆయిల్ ఉంటది. కొత్త పళ్ళు, మొదట్లో లోడ్ ఎయ్యమాక.