ఢాకా బొమ్మల రిక్షాలను లండన్ వీధుల్లో తిప్పవచ్చా?

కుంచె: ఢాకా రిక్షాలను, రిక్షా చిత్రకళను యునెస్కో 2023 డిసెంబరులో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సీటు వెనుక రేకు మీద ఎనామెల్ రంగులతో నెమళ్లనూ సినిమా తారలనూ తాజ్‌మహల్‌నూ గీసే పనివాళ్లకు మాత్రం, అచ్చు బొమ్మలు వచ్చాక పని తగ్గిపోయింది. లండన్‌లో బంగ్లాదేశీయులు ఎందరో స్థిరపడిన బ్రిక్ లేన్ వీధిలో పది బండ్లు తిప్పినా వారికి ఆసరా అవుతుందని నా అభిప్రాయం.

లండన్‌వాసి: ముందు లైసెన్సు సంగతి తేల్చండి. 2024 ఏప్రిల్‌లో ఆమోదం పొందిన పెడికాబ్ (తొక్కుడు రిక్షా) చట్టం ప్రకారం లైసెన్సులనూ ఛార్జీలనూ లండన్ రవాణా సంస్థ నియంత్రించవచ్చు. గేర్లు లేని ఆ బండి బ్రేకులు తనిఖీలో నిలుస్తాయా? మా అత్తగారిని రెండు వీధులు తిప్పినందుకు పెడికాబ్ తొక్కే ఒకాయన అడిగిన డబ్బు విని, ఆవిడ సంచి గుండెలకు హత్తుకుని నిలబడిపోయారు.

కుంచె: బ్రేకులు మార్చుకోవచ్చు. ఛార్జీ ముందే రాసి పెట్టవచ్చు.

లండన్‌వాసి: బ్రేకులు, చక్రాలు, చట్రం అన్నీ మార్చాక అది ఢాకా రిక్షా ఎలా అవుతుంది?

పాత పాఠకుడు: మ్యూజియంలో పెడితే సరిపోతుంది. జపాన్‌లోని ఫుకువోకా ఆసియా కళా మ్యూజియంలో ఈ చిత్రాలు ఉన్నాయి కదా.

కుంచె: ఎండావానా తగలని రేకుకు మళ్లీ రంగు వేయవలసిన అవసరం రాదు. అప్పుడు చిత్రకారుడికి పని ఎక్కడిది? నేను అడుగుతున్నది ఇదొక్కటే, మీరెవరూ దీనికి జవాబు చెప్పడం లేదు!

బెజవాడ బిడ్డ: మీరంతా రేకు గురించీ బ్రేకు గురించీ మాట్లాడుతున్నారు గానీ, తొక్కేవాడి ఊసే ఎత్తలేదు. మా నాన్న బెజవాడలో అద్దె రిక్షా తొక్కారు. బేరం తగిలినా తగలకపోయినా సాయంత్రానికి యజమానికి అద్దె కట్టవలసిందే. వానలో టాపు కింద కూర్చున్నవారు తడిసేవారు కాదు, నాన్న బనీను పిండితే నీళ్లు కారేవి. రాత్రిపూట అమ్మ ఆయన మోకాళ్లకు ఆముదం రాసేది. ఆ బండిని మళ్లీ వేడుకగా చూడమంటే నా వల్ల కాదు.

కుంచె: మన్నించండి. నేను బొమ్మ వేసేవాడి గురించే ఆలోచించాను. బ్యాటరీ మోటారు అమర్చితే శ్రమ తగ్గదా?

లండన్‌వాసి: మోటారు పెడితే నిబంధనలు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

బెజవాడ బిడ్డ: నా బాధ మోటారు గురించి కాదండీ, బండి ఎవరిదన్నదే. ఢాకాలోనూ చాలామంది తొక్కేది అద్దె బండ్లే. లండన్‌లోనూ యజమాని ఒకరు, తొక్కేవారు వేరొకరు అయితే నేను ఒప్పుకోను. తొక్కేవారి పేరుమీదే బండి రాసిస్తామని చెప్పండి, మొదటి చందా నేనే పంపుతాను.