పిల్లల కేస్ వర్కర్ ఉద్యోగం మానేస్తున్నా, పిల్లలకి ఎప్పుడు చెప్పాలి?

ప్రశ్న:
నాలుగేళ్లుగా పిల్లల సంక్షేమంలో కేస్ వర్కర్‌ని, అంటే నాకప్పగించిన పిల్లల్ని కలుస్తూ వాళ్ల బాగోగులు చూసే పనండి, పోయిన వారం రిజైన్ చేశా, నెల రోజులు నోటీస్ పీరియడ్. వెళ్లే చోట కూడా ఇదే పని, కాకపోతే కేసులు తక్కువ. ఇక్కడ నా చేతిలో 34 మంది పిల్లలు, పగలంతా విజిట్లు, రాత్రి కూర్చుని రిపోర్టులు, ఇక నావల్ల కాలేదు. ఒక పన్నెండేళ్ల పాప తన నోట్‌బుక్ చివరి పేజీలో ఇప్పటిదాకా వచ్చిన వర్కర్ల పేర్లు వరసగా రాసుకుంది, వెళ్లిపోయినవాళ్లవి కొట్టేసింది, నాది ఐదో పేరు. మా సూపర్‌వైజర్ గారేమో చివరి రోజు చెప్పు, ముందే చెప్తే ఏడుస్తారు అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1:
చివరి రోజు మాత్రం వద్దండి, దయచేసి. ఈ వారమే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి, ఆ కోపం మీరున్నప్పుడే బయటికొస్తే మంచిది, లేకపోతే పాపం కొత్తగా వచ్చేవాళ్ల మీద పడుతుంది. నేను వెళ్లేది నీవల్ల కాదు అని నోరు తెరిచి చెప్పండి, చెప్పకపోతే పిల్లలు తమ తప్పే అనుకుంటారు. మళ్లీ వస్తా అని మాత్రం మాటివ్వొద్దు.

జవాబు 2:
కొత్త వర్కర్‌కి అప్పగించే హ్యాండోవర్ ఫైల్‌తో సరిపెట్టకండి. నాకొచ్చిన ఒక బాబు ఫైల్లో రాత్రిళ్లు గొడవ చేస్తాడు, మాట వినడు అని రాసుంది, అంతే. నేనూ అదే నమ్మా. రెండు నెలలకి తెలిసింది, వాడికి చీకటంటే భయం, లైట్ ఉంచితే హాయిగా పడుకుంటాడు. పాత వర్కర్‌కి ఆ సంగతి తెలుసు, రాసే టైమ్ దొరకలేదట. వాడు ఆ రెండు నెలలూ తిట్లు తిన్నాడు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

జవాబు 3:
మీరు తప్పు చేస్తున్నట్టు అనుకోకండి. అమెరికాలో జీఏఓ అనే ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2003లోనే రిపోర్ట్ ఇచ్చింది, అక్కడ ఈ వర్కర్లు సగటున రెండేళ్లు కూడా ఉండట్లేదని. ఒక్కరికి 12 నుంచి 15 మంది పిల్లలుండాలని చైల్డ్ వెల్ఫేర్ లీగ్ అనే అక్కడి పిల్లల సంక్షేమ సంస్థ అంటుంటే, అప్పట్లో కొందరి దగ్గర 110 మంది దాకా ఉండేవారట. ఒకరు మానేస్తే ఆ కేసులు మిగతావాళ్లకి పంచుతారు, ఆ బరువుకి ఇంకొకరు మానేస్తారు. మీ 34 మందినీ ఎవరికి ఇస్తున్నారో, వాళ్ల దగ్గర ఇప్పటికే ఎంతమంది ఉన్నారో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ పాపకి చెప్పేశానండి. ఏమీ అనలేదు, నోట్‌బుక్ తీసి కొత్తామె పేరేంటి, స్పెల్లింగ్ చెప్పు అంది. గురువారం ఆవిడని తీసుకెళ్తున్నా.