పాస్టర్ ఎన్నికల్లో నిలబడితే తప్పా? టామీ డగ్లస్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న: జమ్మలమడుగు అమ్మాయి

అందరికీ వందనాలు. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాన్న అక్కడి సంఘానికి పాస్టర్. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో ప్రార్థన కోసం వచ్చేవాళ్లు సగమే. మిగతావాళ్ల చేతుల్లో ఆగిపోయిన పింఛను కాగితాలు, ఆరోగ్యశ్రీ కార్డులు, కర్నూలు పెద్దాసుపత్రిలో రాసిచ్చిన స్కానింగ్ చీటీలు ఉంటాయి. రాత్రిపూట ఎవరికైనా గుండెనొప్పి వస్తే ముందు మోగేది నాన్న ఫోనే.

ఇప్పుడు ఒక పార్టీవాళ్లు ఇంటికొచ్చి ఎంపీటీసీగా నిలబడమంటున్నారు. అమ్మ ససేమిరా అంటోంది. "ప్రభువు బల్ల దగ్గర నిలబడే మనిషి జెండా పట్టుకుంటే, రేపు అవతలి పార్టీవాళ్ల ఇంట్లో చావు జరిగితే మనల్ని పిలుస్తారా?" అని ఆమె బాధ. "నేను రోజూ చేసేది ఆ పనే కదా" అని నాన్న. ఇంట్లో ఒకటే టెన్షన్.

కెనడాలో టామీ డగ్లస్ అనే బాప్టిస్టు పాస్టర్ ముఖ్యమంత్రి అయ్యాడని చదివాను. ఆయన సంఘాన్ని వదిలేశాడా? వదిలాక ఏం చేశాడు? నాన్నకు చదివి వినిపించాలి, కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: అనంతపురం అన్న, ప్రస్తుతం రెజైనా

చెల్లీ, నేను ఉద్యోగం చేసేది డగ్లస్ ముఖ్యమంత్రిగా చేసిన సస్కాచెవాన్ రాష్ట్ర రాజధానిలోనే. ఇక్కడ పెద్దవాళ్లు ఆయన్ని ఇంటి మనిషిలా టామీ అనే పిలుస్తారు.

ఆయన 1904లో స్కాట్లండ్‌లో పుట్టాడు. తండ్రి ఇనుము పోతపోసే కార్మికుడు. చిన్నప్పుడే మోకాలి ఎముకకు చీము పట్టింది. కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వచ్చాక కాలు తీసేయాల్సిందే అన్నారు. ఒక సర్జన్ మాత్రం, విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు తీసుకోకుండా ఆపరేషన్ చేస్తానన్నాడు. కాలు దక్కింది. ఆ డాక్టరు కంటపడి ఉండకపోతే తన కాలు పోయేదని, పిల్లవాడి కాలు ఎవరో ఒకరి దయ మీద ఆధారపడకూడదని డగ్లస్ జీవితాంతం చెప్పుకున్నాడు. జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రిని చూస్తూ పెరిగినదానివి, ఈ మాట నీకు వేరే విప్పి చెప్పక్కర్లేదు.

1930లో వేబర్న్ అనే చిన్న ఊళ్లో కాల్వరీ బాప్టిస్టు చర్చికి పాస్టర్ అయ్యాడు. అప్పుడే ఆర్థిక మాంద్యం, దానిమీద ఏళ్ల తరబడి కరువు. గాలికి పొలాల్లో మట్టే లేచిపోయింది. 1931లో పక్కనున్న ఎస్టెవాన్‌లో బొగ్గు గని కార్మికులు సమ్మె చేస్తే పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. డగ్లస్ ఆ కార్మికుల కుటుంబాలకు తిండి గింజలు పోగుచేసి పంపాడు, ఆ విషయమే చర్చిలో ప్రసంగ వేదిక మీద నుంచి ప్రసంగించాడు. ఎంత పంచినా చాలడం లేదు. అక్కడి నుంచే రాజకీయాల వైపు మళ్లాడు.

1934లో రాష్ట్ర ఎన్నికల్లో ఓడిపోయాడు. 1935లో పార్లమెంటుకు నిలబడాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, బాప్టిస్టు సంఘాల పెద్ద ఒకాయన వచ్చి, నిలబడ్డావంటే ఇక నీకు ఏ సంఘమూ దొరకదు అని హెచ్చరించాడు. ఆ మాటతో ఊగిసలాట తీరిపోయింది: నిలబడ్డాడు, గెలిచాడు, సంఘం పని వదిలేశాడు. మళ్లీ పాస్టర్ ఉద్యోగానికి వెళ్లలేదు.

1944లో ముఖ్యమంత్రి అయ్యి ఆరోగ్యశాఖ తన దగ్గరే పెట్టుకున్నాడు. 1947లో మనిషికి ఏడాదికి 5 డాలర్లు కడితే ఆసుపత్రి ఖర్చంతా ప్రభుత్వమే భరించే పథకం తెచ్చాడు. డాక్టర్ల ఫీజు కూడా ప్రభుత్వమే కట్టే పథకానికి మాత్రం పదిహేనేళ్లు ఆగాడు. ముందు అప్పులు తీర్చాడు, పల్లెలకు కరెంటు ఇచ్చాడు. నాకు ఆయనలో బాగా నచ్చేది ఈ ఓపికే. 1962 జులై 1న పథకం మొదలైన రోజే డాక్టర్లు సమ్మెకు దిగారు, 23 రోజులు నడిచింది. అప్పటికి డగ్లస్ జాతీయ పార్టీకి నాయకుడిగా వెళ్లిపోయాడు. ఆ పథకం మీది కోపంతో రెజైనా ఓటర్లు, సమ్మెకు ముందే, అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు ఎన్నికల్లో ఆయన్నే ఓడించారు. 1966లో దేశమంతటికీ అదే చట్టం వచ్చింది.

జవాబు: కర్నూలు వకీలు

అమ్మా, చట్టం సంగతి చెప్తాను. పాస్టర్ అయినంత మాత్రాన పోటీకి అడ్డేమీ లేదు. కానీ మతం పేరు చెప్పి ఓటడిగితే ఎన్నికే చెల్లకుండా పోతుంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు ఎత్తి అడిగినా తప్పేనని 4-3 మెజారిటీతో చెప్పింది. 1988 చట్టం ప్రకారం గుడి, మసీదు, చర్చి ఆవరణను పార్టీ పనికి వాడితే నిర్వాహకులకు ఐదేళ్ల దాకా జైలు. కాబట్టి ఆ పార్టీవాళ్లు "ఆరాధన అయ్యాక రెండు మాటలు మాట్లాడతాం" అంటే నాన్నగారు గుమ్మంలోనే ఆపాలి. ఇంకొకటి: 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు, ఎస్సీ రిజర్వుడు సీటైతే నామినేషనే నిలవదు. ముందు ఆ స్థానం ఎవరికి రిజర్వయిందో చూసుకోండి.

జవాబు: గుత్తి రిటైర్డ్ టీచర్

డగ్లస్ మీద నాకూ గౌరవమే, కానీ నాన్నకు రెండో వైపు కూడా చదివి వినిపించమ్మా. 1933లో ఆయన ఎం.ఏ. కోసం రాసిన పరిశోధన పత్రంలో, "తక్కువ తెలివి" కుటుంబాలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలన్నాడు. సంఘంలో బీదల మధ్య తిరిగే మనిషే అలా రాశాడు. అధికారంలోకి వచ్చాక అలాంటి చట్టం తేవడానికి ఒప్పుకోలేదు, అది మెచ్చుకోవాల్సిందే. పాస్టర్ అయినవాడి ఆలోచనంతా కరెక్టే అనుకోకూడదని చెప్పడానికే ఇది రాశాను.

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. షిల్లాంగ్‌కు చెందిన రెవరెండ్ నికోల్స్ రాయ్ ఖాసీ తెగ మనిషి, చర్చ్ ఆఫ్ గాడ్ బోధకుడు. రాజ్యాంగ సభలో కూర్చుని, కొండ ప్రాంతాలకు సొంత జిల్లా కౌన్సిళ్లు ఇచ్చే ఆరో షెడ్యూలు కోసం కొట్లాడాడు. ఆయన అడిగింది క్రైస్తవులకు కాదు, ఖాసీలందరికీ.

మీ అమ్మ భయం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నిలబడేట్టయితే సంఘాన్ని ఇంకొకరికి అప్పగించి నిలబడాలి.

జమ్మలమడుగు అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. రాత్రి భోజనాల దగ్గర మొత్తం చదివాను. టీచర్‌గారి చివరి మాటకు అమ్మ "అదీ" అంది. నాన్న ఒక్కటే అడిగారు: ఆ 5 డాలర్లు కూడా కట్టలేని ముసలివాళ్లు, వితంతువుల సంగతేం చేశాడట?

అనంతపురం అన్న

వాళ్లకే ముందు చేశాడు చెల్లీ. వృద్ధాప్య పింఛను తీసుకునేవాళ్లకు, పిల్లలున్న వితంతువులకు 1945లోనే డాక్టరు, మందులు, ఆసుపత్రి అన్నీ ఉచితం. మిగతా జనానికి 5 డాలర్ల పథకం వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకు.