తోకచుక్క స్టాకింగ్‌లో (చాలా ఫ్రేములను ఒకే ఫొటోగా కలపడంలో) నక్షత్రాల గీతలు పోవడం లేదు, ఏం మార్చాలి?

ఆండ్రోమెడా గెలాక్సీ నక్షత్రాల మధ్య కదలదు, పది రాత్రుల ఫ్రేములైనా కలిపేయొచ్చు. తోకచుక్కతో ఆ వీలు లేదు. నాది 400 మి.మీ. ఫోకల్ లెంగ్త్, కెమెరాలో 3.76 మైక్రాన్ల పిక్సెల్. అంటే పిక్సెల్‌కు 1.94 ఆర్క్ సెకన్లు. తోకచుక్క వేగం నిమిషానికి 4 ఆర్క్ సెకన్లు. 60 సెకన్ల ఫ్రేములో తల 2 పిక్సెళ్లు సాగుతోంది కనుక 30 సెకన్లకు తగ్గించి, 90 ఫ్రేములు తీశాను.

డీప్‌స్కైస్టాకర్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో తల మీద అలైన్ చేసి, కప్పా-సిగ్మా (మిగతా ఫ్రేములకు బాగా తేడాగా ఉన్న పిక్సెళ్లను వదిలేసే పద్ధతి) పెడితే చిన్న నక్షత్రాలు పోతున్నాయి. పెద్దవి మాత్రం గీతలుగా మిగులుతున్నాయి. కారణం ఇదనుకుంటున్నాను: ఫ్రేముకు జరిగేది ఒక్క పిక్సెలే, పెద్ద నక్షత్రం వెలుగు 20 పిక్సెళ్లు పరుచుకుంటుంది. అంటే ఒకే చోట 20 ఫ్రేముల్లో అదే ఉంటుంది. అన్ని ఫ్రేముల్లో ఉన్నదాన్ని కప్పా-సిగ్మా తీసేయాల్సిన తేడాగా లెక్కించదు.

కప్పాను (ఎంత తేడా ఉంటే వదిలేయాలో చెప్పే హద్దును) 2 నుంచి 1.5కు దించితే గీతలు తగ్గాయి గానీ నాయిస్ పెరిగింది. స్టార్‌నెట్ అనే నక్షత్రాలు తుడిచే సాఫ్ట్‌వేర్‌తో ఫ్రేము ఫ్రేముకూ నక్షత్రాలు తీసేస్తే తోకచుక్క కేంద్రకాన్ని కూడా నక్షత్రమనుకుని తుడిచేస్తోంది.

కేంద్రకానికి మాస్క్ వేసే పద్ధతి ఎవరికైనా తెలుసా? ఇంకొకటి, గ్రేడియెంట్ (ఆకాశం నేపథ్యపు వెలుగులో హెచ్చుతగ్గులు) తీసేటప్పుడు తోక కూడా పోకుండా, ఆ నేపథ్యాన్ని కొలిచే శాంపిల్ బిందువులు ఎక్కడ పెడతారు? తోకకు ఎంత దూరం వదలాలో చెబితే చాలు.