ఎమ్మెస్సీ నర్సింగ్ ఆన్‌లైన్ క్లాసులకి కెమెరా తప్పనిసరి చెయ్యాలా?

నాగావళి_సిస్టర్, శ్రీకాకుళం:
మా కాలేజీలో మొదటి ఏడాది రీసెర్చ్, స్టాటిస్టిక్స్ క్లాసులు సాయంత్రం ఆరింటికి జూమ్‌లో పెడుతున్నారు. కెమెరా ఆపితే హాజరు లేదు. పొద్దున్నుంచి వార్డు పోస్టింగ్ చేసి వచ్చి, హాస్టల్ గదిలో నలుగురం నాలుగు ఫోన్లతో కూర్చుంటాం. ఒకరి ఫోన్ మోత ఇంకొకరి ఫోన్లో. ఈ రూల్‌తో చదువు బాగుపడుతుందంటారా?

ట్యూటర్, విజయనగరం:
బాగుపడుతుందమ్మా. ఇరవై నల్ల గళ్లకి పాఠం చెప్పి చూడండి, తెలుస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పలికేది ముగ్గురు. రెండో ఏడాది డిసర్టేషన్ దగ్గరికొచ్చేసరికి స్టాటిస్టిక్స్ లెక్కల్లో టి-టెస్ట్ ఎక్కడ వాడాలో, కై-స్క్వేర్ ఎక్కడ వాడాలో తెలియక నా చుట్టూ తిరిగేది మిగతావాళ్లే.

పలాస_డయాలసిస్:
మేడం, కళ్లు తెరిచి నిద్రపోవడం నైట్ డ్యూటీ చేసిన ప్రతి సిస్టర్‌కీ వచ్చు. అసలు స్టాటిస్టిక్స్ లైవ్‌లో చెప్పడమే దండగ. ఇరవై నిమిషాల ముక్కలుగా రికార్డు చేసి ఇచ్చేయండి, అర్థంకాని చోట వెనక్కి తిప్పి చూసుకుంటారు. లైవ్ గంటని కేసులకి ఉంచండి. పక్కనే కిడ్నీ జబ్బులు ఎక్కువుండే ఉద్దానం, 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది, కేసులకి కరువా? షుగర్ లేదు, బీపీ లేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం రక్తంలో పెరిగిపోయి వస్తాడు ఒక రైతు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి పేషెంటు కేర్ ప్లాన్ ఒకరు పెట్టాలి, మిగతావాళ్లు ప్రశ్నలు వెయ్యాలి.

ఒకటి మాత్రం ఆన్‌లైన్‌కి వదలకండి. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకి కలిపిన చోటు, దాని మీద వేళ్లు ఆనిస్తే జివ్వుమని తగలాలి. ఆ అదురు తగ్గిందంటే క్లాట్ కడుతోందేమోనని అనుమానించాలి. ఎన్ని వీడియోలు చూసినా అది వేలికి రాదు.

ట్యూటర్, విజయనగరం:
రికార్డులిస్తే పరీక్ష ముందు రాత్రి చూస్తారు. అదీ చూస్తే!

పలాస_డయాలసిస్:
ప్రతి ముక్క చివర ఒక చిన్న లెక్క పెట్టండి. ఎవరి వార్డులో వాళ్లు రాసిన బీపీ రీడింగులు తీసుకుని, పేషెంట్ల పేర్లు లేకుండా, మీన్, స్టాండర్డ్ డీవియేషన్ కట్టమనండి. ఎవరి అంకెలు వాళ్లవి, కాపీ కొట్టేదేముంటుంది?

మెళియాపుట్టి_తమ్ముడు:
సెలవులకి ఇంటికెళ్తే కొండ పక్కన సిగ్నల్ ఒక్క గీత. కెమెరా సంగతి తర్వాత, మాట వినబడితే చాలు బాబోయ్. ఆడియో వాట్సాప్‌లో పెట్టినా వింటాం.

ట్యూటర్, విజయనగరం:
లెక్కల మాట బాగుంది, వచ్చే యూనిట్‌కి పెట్టి చూస్తా. కేసు చర్చకి మాత్రం ముఖాలు కనబడాల్సిందే, అందులో తగ్గేది లేదు.

నాగావళి_సిస్టర్, శ్రీకాకుళం:
మీరు విన్నారు మేడం, మా దగ్గర వినేదెవరు? లెటర్ రాసి సంతకాలు పెడదామంటే, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలోనే ఉన్నాయని ఒక్కరూ పెన్ను తియ్యట్లేదు.