క్రిస్మస్‌కి అమ్మని తీసుకుని అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. అక్కడ పండుగ ఎలా ఉంటుంది?

కెరటం:

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. ఏటా క్రిస్మస్‌కి మేమంతా అమ్మ దగ్గరికే చేరతాం. నాన్న పోయాక వస్తున్న మొదటి క్రిస్మస్ ఇది. గుమ్మం మీద స్టార్ కట్టేది ఆయనే. క్యారల్స్ వాళ్ళు అర్ధరాత్రి వచ్చినా లేచి కాఫీలు పెట్టించేది ఆయనే. మొన్న అమ్మే అంది, "ఈసారి ఆ ఇంట్లో ఉండలేనే, ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అని. పిల్లలు సముద్రం కావాలన్నారు. కాకినాడలో లేని సముద్రమా అంటే వినరు. తమ్ముడు అండమాన్ అన్నాడు.

అమ్మకి డెబ్బై ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర పట్టుకుని నడుస్తుంది, మెట్లంటే కష్టం. తమ్ముడు, మరదలు, నేను, మావారు, ముగ్గురు పిల్లలు. చిన్నదానికి ఐదేళ్ళు. ఏజెంట్ పంపిన ప్లాన్ ఇదీ: 24న పోర్ట్ బ్లెయిర్‌లో దిగడం, 25న హేవ్‌లాక్, 26న నీల్, 27న బారాటాంగ్, 28న తిరుగు ప్రయాణం. చదువుతుంటేనే నాకు ఆయాసం వస్తోంది.

అమ్మ అడిగింది ఒక్కటే. 24 రాత్రి చర్చిలో ఉండాలి, వీలైతే తెలుగు ఆరాధనలో. అక్కడ అది దొరుకుతుందా? ఆ వారంలో వానలు పడతాయా? ఫెర్రీలో ఆవిడ కూర్చోగలదా? పండుగ అంటే హోటల్ పార్టీలేనా, ఊళ్ళో జనం చేసుకునేది కూడా ఉంటుందా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

తీరం వెంట:

మేము డిసెంబర్ ఆఖరి వారంలోనే వెళ్ళాం అండి, మా అత్తగారితో. వాన ఒక సాయంత్రం పడింది, అంతే. చలి ఉండదు, స్వెటర్లు మోయకండి. డబ్బు మాత్రం చేతిలో ఉంచుకోండి. హేవ్‌లాక్, నీల్‌లో ఏటీఎంలు తక్కువ, పండుగ రోజుల్లో వాటి ముందు క్యూలు కూడా ఉంటాయి. ఇంటర్నెట్ పర్లేదు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా మెరుగైందని అక్కడివాళ్ళు చెప్పారు. అయినా మెయిన్ రోడ్డు దాటితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

ఇంకోటి. 24, 31 తేదీల్లో చాలా రిసార్టులు స్పెషల్ డిన్నర్ తప్పనిసరి అని తలకింత చొప్పున బిల్లులో కలుపుతాయి. రూమ్ బుక్ చేసేముందే అడగండి. ఎనిమిది మంది అంటే చిన్న మొత్తం కాదు.

జంగ్లీఘాట్ అబ్బాయి:

కెరటం గారూ, నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాను. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, టికెట్ల మీద ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. మేము మాత్రం నోటికి వచ్చిన పాత పేర్లే అంటాం.

ముందు మీ అమ్మగారి మాట. ఇక్కడ తెలుగులో ఆరాధన జరిగే చర్చిలు ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో ప్రతి వందమందిలో 13 మంది తెలుగు మాతృభాష అని రాయించారు. కాబట్టి ఆవిడ పరాయి ఊళ్ళో ఉన్నట్టు కూర్చోనక్కర్లేదు. పక్క కుర్చీలో ఆవిడ "ఏ ఊరమ్మా మీది?" అని అడుగుతుంది, ఐదు నిమిషాల్లో చుట్టరికం కలుపుతుంది. క్యాథలిక్‌ల మాస్ (పూజ) చూడాలంటే స్టెల్లా మారిస్ కేథడ్రల్ ఉంది, 24 రాత్రి నిండిపోతుంది.

అందుకే ఆ ఏజెంట్ ప్లాన్ చూసి నాకు బాధేసింది. 25 ఉదయం మీ అమ్మగారిని ఫెర్రీ ఎక్కిస్తాడా? పండుగ పూట? మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చేవాళ్ళకి ఈ ఊరు విమానం దిగి బ్యాగులు పెట్టుకునే చోటుగానే తెలుసు. కానీ ఇక్కడ క్రిస్మస్ అంటే ఈ ఊరే. రాంచీవాళ్ళు అని మేము పిలిచేవాళ్ళున్నారు. 1918 ప్రాంతం నుంచి అడవి పనులకి ఛోటానాగ్‌పూర్ నుంచి తీసుకొచ్చిన ఆదివాసుల పిల్లలు, మనవలు. వాళ్ళలో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్ళ వాడల్లో మాందర్ డప్పు మోగుతుంటే చిన్నా పెద్దా వరసగా చేతులు పట్టుకుని ఆడతారు. నికోబార్ దీవుల ఆదివాసులు, నికోబారీలు, ఇంకోవైపు. వాళ్ళ కోరస్ ఒకసారి వింటే తెలుస్తుంది, అరడజను మంది పాడినా హాలంతా నిండిపోతుంది. నికోబార్‌కి బయటివాళ్ళు వెళ్ళాలంటే ట్రైబల్ పాస్ కావాలి, టూరిస్టులకి ఇవ్వరు. కానీ ఉద్యోగాలకీ చదువులకీ ఇక్కడికొచ్చి ఉంటున్న నికోబారీలు చాలామందే. నిన్నటిదాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా కేక్ ముక్క చేతిలో పెడతారు ఆ రోజు. మీ పిల్లలకి ఇది చూపించండి. స్నార్కెలింగ్ ఎక్కడైనా దొరుకుతుంది.

నా మాట వింటే 23న దిగండి. 24 పగలు ఎవరూ ఎక్కడికీ పరిగెత్తకుండా నిద్రపోండి, రాత్రి చర్చి. 25 మధ్యాహ్నం భోజనాలయ్యాక అబర్డీన్ జెట్టీ నుంచి బోటులో రాస్ ఐలాండ్. పావుగంట ప్రయాణం కూడా ఉండదు. పండుగ రోజు బోట్లు ఏ వేళల్లో నడుస్తాయో ముందు రోజే జెట్టీలో కనుక్కోండి. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో ఈ ద్వీపాలకి రాజధానిగా ఉండేది ఆ దీవి. వాళ్ళు కట్టుకున్న చర్చి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి, మర్రి వేళ్ళు గోడల్ని కావలించుకుని ఉంటాయి. జింకలు మనుషుల మధ్యే తిరుగుతాయి, ఐదేళ్ళ పాప ఇంక బయటికి రానంటుంది. నడవలేనివాళ్ళకి బ్యాటరీ బండ్లు ఉంటాయి.

వేళల సంగతి మీ ఏజెంట్ చెప్పి ఉండడు. మేము మీకు బాగా తూర్పున ఉన్నాం, గడియారం మాత్రం మీదే. డిసెంబర్ చివర్లో సాయంత్రం ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు, ఐదున్నరకి చీకటి. తెల్లవారడం కూడా పెందలాడే, ఆరు కాకముందే. కాబట్టి పెద్దవాళ్ళకీ చిన్నపిల్లలకీ ఇక్కడి పొద్దు బాగా కుదురుతుంది, ఆలస్యంగా లేచేవాళ్ళకే కుదరదు. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి నాలుగున్నరకి బయల్దేరితే చూసేది ఏమీ ఉండదు. మూడున్నరకల్లా ఇసుకలో ఉండాలి.

ద్వీపం ఒక్కటే పెట్టుకోండి. హేవ్‌లాక్ లేదా నీల్. మీ అమ్మగారు ఉన్నారు కాబట్టి నేనైతే నీల్ అంటాను. చిన్న ద్వీపం, అన్నీ దగ్గర. జెట్టీ పక్కనే భరత్‌పూర్ బీచ్, అక్కడ అద్దం అడుగు ఉన్న బోట్లు తిరుగుతాయి. ఆవిడ తడవకుండా కూర్చుని పగడాలు చూడొచ్చు. బోటు ఎక్కేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి, అంతే. హేవ్‌లాక్ అయితే రాధానగర్ బాగుంటుంది, రోడ్డు బీచ్ దాకా వెళ్తుంది, పెద్ద పెద్ద చెట్ల నీడ ఉంటుంది. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. పిల్లల్ని లైఫ్‌గార్డులు చూపించిన హద్దు లోపలే దింపండి. మొసళ్ళ గురించి పెట్టిన బోర్డులు బెదిరించడానికి పెట్టినవి కావు.

బారాటాంగ్ వద్దు. తెల్లవారుజామున మూడింటికి లేపి పోలీసు కాన్వాయ్ కోసం జిర్కాటాంగ్ గేటు దగ్గర కూర్చోబెడతారు. తర్వాత బస్సు, బోటు, ఆపైన గుహల దాకా నడక. ఆ మోకాళ్ళతో సాధ్యం కాదు. ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోడ్డు జారవా అనే ఆదివాసుల అడవి మధ్యనుంచి పోతుంది. వాళ్ళు కనిపిస్తారేమో అని కిటికీలకి అతుక్కుని చూసే జనాన్ని చూస్తే నాకు కడుపు మండుతుంది. వాళ్ళ ఫోటో తీయడం నేరం. సెలవు సరదా కోసం ఒకరి ఇంట్లోంచి నడిచి వెళ్ళడం అవసరమా?

సెల్యులర్ జైలు తప్పకుండా చూడండి. పై అంతస్తులు ఎక్కలేకపోయినా ఆవరణ అంతా సమంగా ఉంటుంది, ఆవిడ కింద కూర్చోవచ్చు. ఏడు వరసల్లో మిగిలినవి మూడే. పిల్లలకి గాం మల్లు దొర పేరు చెప్పండి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు, ఇక్కడ ఖైదీగా ఉన్నాడు. తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. అదే సభలో ఈ ద్వీపాల తరఫున కూర్చున్నది బిషప్ జాన్ రిచర్డ్‌సన్, నికోబారీ మనిషి, కొత్త నిబంధనను వాళ్ళ భాషలోకి తెచ్చినవాడు. మీ అమ్మగారికి ఈ రెండో సంగతి నచ్చుతుంది.

వాన ఉండొచ్చు. ఈశాన్య రుతుపవనాల చివరి రోజులు అవి. అల్పపీడనం వస్తే ఫెర్రీలు ఆపేస్తారు. 2016 డిసెంబర్‌లో హేవ్‌లాక్, నీల్‌లో వెయ్యికి పైగా టూరిస్టులు చిక్కుకుపోయారు, నేవీ ఓడలు వెళ్ళి తీసుకొచ్చాయి. అందుకే విమానానికి ముందు రోజు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోండి. ద్వీపం నుంచి పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అని ఎవరు ప్లాన్ ఇచ్చినా ఒప్పుకోకండి.

కెరటం:

జంగ్లీఘాట్ అబ్బాయి గారూ, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. నికోబారీల పాట దగ్గర రెండుసార్లు చదివించుకుంది. ఏజెంట్‌కి వద్దని చెప్పేశాం. తమ్ముడు హేవ్‌లాక్ కోసం పట్టుబడుతున్నాడు, డైవింగ్ చేయాలట. 31 రాత్రి అక్కడ పార్టీ అంటాడు, అమ్మ వాచ్‌నైట్ ఆరాధన అంటుంది.

ఒక సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది. 26వ తేదీ అనేసరికి అమ్మకి 2004 సునామీ గుర్తొచ్చింది. "ఆ రోజు అక్కడ మనం సంతోషంగా తిరగొచ్చా?" అంటోంది. భయం కూడా ఉంది, దాచుకుంటోంది.

జంగ్లీఘాట్ అబ్బాయి:

మొహమాటం ఎందుకండీ. ఆవిడ అలా అడిగినందుకే మా ఇంటికి భోజనానికి పిలవాలనిపిస్తోంది.

నేను అప్పుడు బడికెళ్ళే పిల్లాణ్ణి. ఆదివారం, క్రిస్మస్ మర్నాడు. ఆరున్నర అవుతుండగా భూమి ఊగింది, చాలాసేపు ఊగింది. తర్వాత మా జంగ్లీఘాట్‌లోకి నీళ్ళొచ్చాయి. మా నాన్న మమ్మల్ని మెరక మీదికి పంపి తను పడవల దగ్గరికి వెళ్ళాడు, సాయంత్రం దాకా రాలేదు. మేము బతికాం. కార్ నికోబార్‌లో ఊళ్ళకి ఊళ్ళే పోయాయి, ముందు రాత్రి చర్చిలో పాడిన మనుషులతో సహా. దేశానికి దక్షిణ కొస అయిన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది.

ఇప్పుడు హెచ్చరిక వ్యవస్థ ఉంది. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ కేంద్రం రాత్రింబవళ్ళు ఈ సముద్రాన్ని కనిపెట్టి చూస్తోంది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. నేల గట్టిగా, ఎక్కువసేపు ఊగితే ఏ హెచ్చరిక కోసమూ ఎదురుచూడకుండా ఎత్తుకి వెళ్ళిపోవాలి. హోటల్లో దిగగానే ఎత్తైన చోటు ఏదో అడగండి. ఇక్కడ ఎవరూ వింతగా చూడరు.

తిరగొచ్చా అంటే, తిరగొచ్చు. 26న పొద్దున ఇక్కడ ప్రార్థనలు ఉంటాయి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మగారు ఇష్టపడితే అక్కడికి వెళ్ళండి. మధ్యాహ్నం పిల్లల్ని కార్బిన్స్ కోవ్ బీచ్‌కి తీసుకెళ్ళండి. మేము కూడా అలాగే చేస్తాం. పోయినవాళ్ళ పిల్లలే కదా ఇప్పుడు ఆ ఇసుకలో ఆడుతున్నది.

తమ్ముడి గారి డైవింగ్‌కి నేను అడ్డు రాను. హేవ్‌లాకే వెళ్ళండి, 27న వెళ్ళి 30కి వెనక్కి రండి. డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, ఈ లెక్కలో అది కూడా సరిపోతుంది. 30న మరో విశేషం ఉంది. 1943లో అదే తేదీన నేతాజీ ఇక్కడ జెండా ఎగరేశారు, ఏటా జరుపుతారు. 31 రాత్రి అమ్మగారికి వాచ్‌నైట్ ఇక్కడే దొరుకుతుంది. తమ్ముడి గారికి పార్టీ కావాలంటే ఊళ్ళో హోటళ్ళు లేవా? ఒకటో తేదీన విమానం ఎక్కండి.

ఫెర్రీలో కింది డెక్‌లో మధ్య వరసల సీట్లు అడగండి, ఊపు తక్కువ. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర డాక్టర్ని అడిగి తెచ్చుకోండి, ఎక్కాక కాదు, అరగంట ముందే వేయాలి. పిల్లల గుర్తింపు కార్డులు కూడా ఒరిజినల్స్ ఉంచుకోండి. ఇసుకలో సాయంత్రం పూట చిన్న ఈగలు కుడతాయి, కాళ్ళకి కొబ్బరినూనె రాయండి.

తీరం వెంట:

పిల్లలకి ముందే చెప్పండి, గవ్వలు, పగడాల ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోకూడదని. ఎయిర్‌పోర్ట్ స్కానింగ్‌లో తీయించేస్తారు, చట్టప్రకారం నేరం కూడా. మా వెనక వరసలో ఒక పాప ఏడుపు ఆపలేదు.

కెరటం:

అందరికీ చాలా థాంక్స్. 23న వెళ్ళి ఒకటిన తిరిగొచ్చేలా విమానం టికెట్లు ఇవాళే తీశాం. తమ్ముడు ఒప్పుకున్నాడు. అమ్మ అరిసెలు చేసి తెస్తానంటోంది, మీ ఇంటికీ చర్చిలో వాళ్ళకీ. విమానంలో తేవచ్చు కదా?

జంగ్లీఘాట్ అబ్బాయి:

తేవచ్చు, బాగా ఆరాక డబ్బాలో సర్దండి. ఆరాధన వేళలు డిసెంబర్ మొదటి వారానికి తెలుస్తాయి. చర్చి మెట్లు ఎన్ని ఉన్నాయో, పక్కనుంచి ర్యాంపు ఉందో లేదో నేనే వెళ్ళి చూసి ఇక్కడ రాస్తాను.